ఏం చేస్తాండావే

ఎర్రగుంట్ల, 1956 ఏప్రిల్, ఆదివారం

సాయంత్రం పని త్వరగా తెమిలింది. పాప వసారాలో కూర్చుని, కొబ్బరిచిప్పలో ఎర్రమన్ను కలిపి గుడ్డబొమ్మకు సంగటి వండుతోంది. నేనూ ఆడదామని పక్కన కూర్చున్నాను.

“ఏం చేస్తాండావే?” అన్నాను. ముద్దుగానే అన్నాననుకున్నాను.

పాప ఉలిక్కిపడింది. సంగటిని గబగబా పారబోసి, చేతులు పావడాకు తుడుచుకుంది. “ఏం లేదుమా, ఎత్తిపెడతాండా.”

నేనన్న ఆ మాట రోజూ అనేదే, కసురుకోవడానికి. ఆటకు పిలవడానికి నాకు వేరే మాట రాలేదు. నాకూ ఒక ముద్ద పెట్టవే అంటే సరిపోయేది. అది ఇప్పుడు తోస్తోంది. అప్పుడు లేచి లోపలికి వచ్చేశాను.

తలుపు వెనక నిలబడితే, బొమ్మతో గుసగుసగా చెబుతోంది. “మాయమ్మ లోపలికి పాయ. ఇంగ ఆడుకుందాం రా.”