స్కాట్లాండ్ వాళ్ళకు పాడిన పాట

పోర్ట్ బ్లెయిర్, జనవరి 12

ప్రియమైన లక్ష్ముడికి,

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నీ క్యాంప్‌బెల్ బేలో సిగ్నల్ ఉన్నప్పుడు నాకు ధైర్యం ఉండదు, నాకు ధైర్యం వచ్చినప్పుడు సిగ్నల్ ఉండదు. అందుకే ఉత్తరం. తీసుకెళ్ళే అప్పలరాముడు నా షిప్ టికెట్ల కౌంటర్ ముందు నిలబడి, "జల్దీ రాయి భయ్యా, షిప్ కదిలిపోతాది" అని నా ప్రాణం తోడేస్తున్నాడు.

మొన్న ఇక్కడ బీచ్ పండక్కి స్కాట్లాండ్ బ్యాండొకటి వచ్చిందిరా. నిజం స్కాట్లాండ్! నువ్వు బడి కోసం ఇక్కడ జంగ్లీఘాట్‌లో మీ నానమ్మ దగ్గర ఉన్నప్పుడు, పడవ ఇంజను బాగుచేసినందుకు ఓ స్కాట్లాండ్ దొర మా నాన్నకు క్యాసెట్ల పెట్టె ఇచ్చిపోయాడు, గుర్తుందా? నాజరెత్ అన్న రాక్ బ్యాండు పేరు విని చర్చి పాటలనుకుని మీ నానమ్మ దణ్ణం పెట్టి కూర్చుంది. మీట నొక్కగానే ఆ గొంతుకు హడలిపోయి లేచింది. నువ్వేమో రన్‌రిగ్ బ్యాండు క్యాసెట్టు అరగదీశావు. "వాళ్ళదీ దీవేరా, వాళ్ళ గేలిక్ భాషలోనే రాక్ పాడుతున్నారు. మనం తెలుగులో పాడితే ఎవడొద్దన్నాడు?" అన్నావు. మన బ్యాండు పుట్టిందీ ఆ మాటతోనే, పోయింది మాత్రం మన బద్ధకంతో.

వీళ్ళు ఐదుగురు. ఒక పక్క బ్యాగ్‌పైపు, ఫిడేలు. ఇంకో పక్క ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు. సౌండు చూడమని నన్ను పిలిచారు. ఫిడేలు వాయించే మోరగ్ అనే ఆవిడ మీ పాటొకటి పాడమంది. పాడాను. రికార్డు చేసుకున్నారు, కొత్త ఆల్బమ్‌లో వేస్తారట. ఏ పాటో తర్వాత రాస్తాను. మీ అమ్మకు, గురువమ్మత్తకు, ఈ సంగతి ఇప్పుడే చెప్పకు.

టికెట్లమ్మే నీ గిటారోడు,
నాగబాబు


క్యాంప్‌బెల్ బే, జనవరి 29

ఓరి గిటారోడా,

చెప్పకు అని నువ్వు ఉత్తరం చివర రాశావు. నేను పైనుంచి పైకే చదువుతాను. అమ్మ రొయ్యలు ఒలుస్తూ మొత్తం వినేసింది. "ఏ పాట్రా? నా దగ్గర దాపరికమేటి ఆడికి?" అంటోంది. చెప్పి చావు.

రన్‌రిగ్ పుట్టిన దేశం వాళ్ళ ముందు పాడావంటే నాకు కుళ్ళుగా ఉందిరా. నేను అక్కడ ఉండాల్సింది. ఉండి ఏం చేసేవాణ్ణి? నీ పక్కన డబ్బా వాయించేవాణ్ణి.

ఇక్కడ డిసెంబరు ఇరవయ్యారున సునామీలో పోయినవాళ్ళకు దీపాలు పెట్టారు. అమ్మ ఈసారీ రాలేదు. "అక్కడ పోయినోళ్ళ పేర్లుంటాయి. నాకేటి పని?" అంది. ఆ తెల్లవారుజామున వల తియ్యడానికి వెళ్ళిన నాన్న దొరకలేదు గనక ఆమె లెక్కలో ఇంకా రావాల్సినవాడే. ఇరవై ఏళ్ళు దాటినా బొట్టు చెరపలేదు, మొన్న సంతలో కొత్త గాజులు కూడా వేయించుకుంది. రోజూ అన్నం దించగానే గుమ్మంలో నిలబడి, తను కట్టిన ఆ పాటతోనే పిలుపు: "అలలు దిగినాయి యర్రయ్యా, అన్నం ఉడికింది రావయ్యా."

నీ ఉత్తరం కోసం చూసే,
లక్ష్ముడు


పోర్ట్ బ్లెయిర్, ఫిబ్రవరి 10

ప్రియమైన లక్ష్ముడూ,

ఆ పాటేరా. అత్త పాటే పాడాను.

అంతటితో ఆగితే ఇలా మొహం చాటేసేవాణ్ణి కాదు. మోరగ్‌వాళ్ళ ఊళ్ళో చేపలవేటకు వెళ్ళి పోయినవాళ్ళ మీద పాటలు బోలెడున్నాయట. అలాంటి ఏడుపు పాట మీకూ ఉందా, మా పాట పక్కన పెట్టుకుంటాం అంది. లేదంటే నన్ను వదిలేసి ఇంకొకణ్ణి అడుగుతుందని భయమేసింది. "ఉంది. సముద్రంలో చచ్చిపోయిన మొగుడి మీద ఒక విధవ కట్టింది" అన్నాను. నా నోటితోనే అన్నాను. ఆల్బమ్‌తో ఇచ్చే కాగితం మీద అలాగే అచ్చవుతోంది.

అన్నానికి రమ్మని పిలిచే పాటను శవం ముందు పెట్టానురా. సెలవుల్లో మీ ఇంటికొస్తే, నీకంటే ముందు నా కంచంలో చేపముక్క వేసే మనిషిని అంత మాటన్నాను. వాళ్ళందరూ చప్పట్లు కొడుతుంటే నాకు బాగుంది కూడా. 

తిట్టు. కానీ జవాబు రాయి.

నాగబాబు


క్యాంప్‌బెల్ బే, ఫిబ్రవరి 24

నాగబాబూ,

మా నాన్న చచ్చిపోయాడని చెప్పడానికి నువ్వెవడివి? సముద్రం చెప్పలేదు, మేము చెప్పలేదు. గాజులు వేసుకుని తిరుగుతున్న మనిషిని చప్పట్ల కోసం విధవను చేశావు.

నీ ఉత్తరం అమ్మకు చదవలేదు. ఆ కాగితం మార్పించు. అప్పటిదాకా నా గడప తొక్కకు.

లక్ష్ముడు


పోర్ట్ బ్లెయిర్, మార్చి 15

ప్రియమైన లక్ష్ముడికి (అనే హక్కు ఇంకా ఉంటే),

మోరగ్‌కు అంతా రాశాను. అచ్చు ఆపించింది. "మా దీవిలో ఇలాంటి పాట ఎత్తేముందు ఆ ఇంటివాళ్ళను అడుగుతాం. నువ్వు అడిగే ఉంటావనుకున్నాను" అని జవాబిచ్చింది. ఒక్క తిట్టు లేదు. తిట్టినా బాగుండేది. పాట ఉంచాలా, తీసేయాలా, కింద ఏం రాయాలి, అన్నీ అత్త ఎలా చెబితే అలాగేనట.

రికార్డింగు పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. వినిపిస్తావో, సముద్రంలో పారేస్తావో నీ ఇష్టం. నువ్వు రమ్మంటే వచ్చి అత్త కాళ్ళ మీద పడతాను.

తప్పు చేసిన,
నాగబాబు


క్యాంప్‌బెల్ బే, ఏప్రిల్ 2

ప్రియమైన నాగబాబుకి,

నిన్ను తిట్టింది కోపం కాదురా, భయం. సునామీ అయిన రెండో ఏడు మాకు ఈ ఇల్లు ఇచ్చేటప్పుడు నాన్న ఫొటో అంటించి, చనిపోయినట్టు కాగితం కావాలన్నారు. సంతకం పెట్టాను. ఆ కాగితం ట్రంకు పెట్టె అడుగున చీరల కింద దాచాను. ఇన్నేళ్ళూ అమ్మ గుమ్మంలో నిలబడి పిలుస్తుంటే వింటూ అన్నం తిన్నాను. నీకంటే ముందు నాన్నను చంపింది నేను.

నీ ఉత్తరం మళ్ళీ చదివితే అందులో నేనే కనిపించాను. మొన్న పొద్దున అమ్మ చేప కోస్తుంటే అంతా చెప్పేశాను. నీ సంగతి, నా సంగతి. కత్తిపీట పక్కకు వాల్చింది. నా వైపు చూడలేదు.

"తెలుసురా. ఈ ఇంటికొచ్చిన ఏడే పెట్టెలో సూసాను. సదువు రాపోతే మీ నాన్న పొటో తెలీదేటి, సీలు తెలీదేటి? ఈ మాట కొడుకు సెప్పాల. నువ్వు నోరు ఇప్పకుండా నానెలా గాజులు తీసేది?" అంది.

తిరిగొస్తాడని ఆశపడుతోందనుకున్నాం కదా. ఆమె నా నోటి మాట కోసం చూస్తోందిరా, ఇరవై ఏళ్ళ నుంచీ. నేనెంత పిరికివాణ్ణో చూడు.

తర్వాత నీ రికార్డింగు పెట్టమంది. ఫిడేలప్పుడు కదలలేదు. బ్యాగ్‌పైపు అందుకోగానే, "ఈ సన్నాయి బాగా ఏడుస్తంది" అని తనూ ఏడ్చింది. మొదటిసారి. పాట ఉంచమంది. కింద యర్రయ్య పేరు రాయమంది.

వచ్చే ఇరవయ్యో తారీకున దర్భలతో నాన్న బొమ్మ చేసి ఒడ్డున కార్యం చేస్తున్నాం. అమ్మ గాజులు ఆ రోజే తీస్తుంది. షిప్ ఎక్కి వచ్చెయ్. పాట నువ్వే పాడాలని అమ్మ హుకుం. "ఈపాలి రావయ్యా అనొద్దు, ఎల్లవయ్యా అనమను. నా నోటికి ఆ మాట రాదు" అంది.

నాకూ రాదురా. నువ్వే అనాలి.

ఒడ్డున నీ పక్కనే నిలబడే,
లక్ష్ముడు