కరియలో ఒక కుప్ప

బెంగళూరు

ఓబుళేసు మామకు రేఖ నమస్కారం.

ఫోనులో నా మాట నీకు వినపడదు, అందుకే కాగితం. మా కంపెనీలో జంతువును చంపకుండా మాంసం తయారుచేస్తున్నాం. బతికున్న గొర్రె నుంచి శనగగింజంత ముక్క తీసి గాజుగిన్నెలో పోషిస్తే అది పెరుగుతుంది. మన వైపు నల్లగొర్రె రుచి వేరని పెద్దసారుతో చెప్పాను. కలగలుపు లేని నల్ల పొట్టేలు నాకు తెలిసి ఇప్పుడు నీ కరియ ఒక్కడే. డాక్టరు వచ్చి ముక్క తీసి కుట్టు వేస్తాడు. కరియ చావడు. ఒప్పుకుంటావా?

నీ మేనకోడలు,
రేఖ

తా.క. నేను మాంసం మానేసి చాలా ఏళ్లయింది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

*

విడపనకల్లు మండలం

రేఖమ్మకు మామ దీవెనలు.

డాక్టరును పంపు. అయితే కరియ నా ఒక్కనివాడు కాదమ్మా. వాడు పిల్లగా ఉన్నప్పుడు సంతలో మా వీధోళ్లమంతా కలిసి కొనుక్కుంటిమి. మేపేది నేను. ఉగాది మర్నాడు కోసి తలా ఒక కుప్ప పంచుకునేది అందరం. ఏటేటా ఏదో ఒకటి చెప్పి నేనే వాయిదా వేయిస్తాండా. నీ సంగతి చెప్తే వాటాదారుల్లో ఒకడు, తిప్పేషు, "ఆ పాపనూ వాటాదారుల్లో కలుపుకో, ఆమెకూ ఒక కుప్ప" అన్నాడు. శనగగింజంత చాలంట అంటే అందరూ నవ్వినారు. "మూలగ లేని మాంసం యాడన్నా ఉంటాదా?" అంటాడు తిప్పేషు.

నాకు మాత్రం చావడన్న నీ మాట బాగుండాది. రోజూ నా చేతిలో మేత తింటాడు. గిన్నె మాంసం వస్తే వీడిమీద కత్తి పెట్టే పని ఉండదని ఆశపడతాండా.

మీ మామ,
ఓబుళేసు

తా.క. హెడ్మాస్టరు కేశవ మాంసం ముట్టడు. చంపని మాంసం తింటే నియమం చెడుతుందా అని అడగమన్నాడు. తన పేరు రాయొద్దన్నాడు.

*

బెంగళూరు

మామా,

డాక్టరు తెచ్చిన ముక్క చేరింది, పెరగడం మొదలుపెట్టింది. మా వాటా మాకు ముట్టిందని మీ వీధివాళ్లందరికీ చెప్పు. ఈ ఉత్తరమే చదివి వినిపించు, తిప్పేషన్న ఇంకోసారి నవ్వుకుంటాడు.

ఉంటాను,
రేఖ

తా.క. హెడ్మాస్టరుగారి ప్రశ్నకు మా దగ్గరా జవాబు లేదు. కమిటీ వేశారు.

*

విడపనకల్లు మండలం

రేఖమ్మా,

చెప్పినావని చదివి వినిపించినా. చదవకుండా ఉండాల్సింది. ఒక్క వాటా తెగినాక మిగతావన్నీ తెగాల్సిందే, అది మా వీధి కట్టుబాటు. "ఏమప్పా ఓబుళేసూ, బెంగళూరామెకు ముట్టె. మాకు ఎగ్గొడతావా?" అన్నాడు తిప్పేషు. "వాడు బతికే ఉండాడు గదప్పా, ఆమె తీసుకునింది ముక్కే" అంటి. "మేమూ ముక్కలే అడుగుతాండాము" అన్నారు.

ఉగాది మర్నాడు కోసినారు. నేను చేనికి పోయినా.

మామ

తా.క. కుట్టు బాగా మానిండె. డాక్టరుకు చెప్పు.

*

బెంగళూరు

మామా,

తప్పు నాదే. వాటా అని సరదాకు రాశాను. మీ వీధిలో ఆ మాటకున్న బరువు కనుక్కోలేదు.

ఇక్కడ కరియ ముక్క అరచేయంత అయింది. రుచి సరిగ్గా వచ్చిందో లేదో చెప్పగలిగేవాళ్లు మాలో ఎవరూ లేరు. తిన్నవాళ్లను అడిగి రుచి ఎలా ఉందో రాసి పంపు. వాడిది అదైనా మిగులుతుంది.

రేఖ

*

విడపనకల్లు మండలం

రేఖమ్మా,

ఇంటింటికీ పోయి అడిగినా. నేను తినలేదు, నా కుప్ప తిప్పేషుకే ఇచ్చేసినా. తిప్పేషు ఇంట్లో పుష్పావతి, "ముదురు మాంసం మామా, ఎంత ఉడికినా పీచే. పిల్లోళ్లు నోట్లో పెట్టుకొని ఉమ్మేసినారు" అనింది. ఏ ఇంట్లో అడిగినా అదే మాట. బ్రాయిలర్ కోడికి అలవాటైన పండ్లకు కరియ తెగలేదు. సగం కుక్కలకేసి, సాయంత్రానికి విడపనకల్లు పోయి కోడి తెచ్చుకున్నారు. "తిననోళ్లు ఎందుకు కోయిస్తిరి?" అని అడిగితే, "వాటా వదులుకుంటామా?" అన్నాడు తిప్పేషు.

కరియ రుచి చెప్పేవాళ్లు మా వీధిలో లేరమ్మా.

మీ మామ,
ఓబుళేసు

తా.క. ఆ గిన్నెలో దాన్ని బ్రాయిలర్ మాదిరి మెత్తగా చేయనీక అయితాదా అని అడగమన్నారు. అడిగినా. నువ్వు మాత్రం చేయొద్దు.