నిలబడని చుక్క

చిరంజీవి పెద్దమ్మాయికి,

మీ నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. బాగానే అంటే, మీ అమ్మ మోకాళ్ళని తిట్టుకుంటూ లేస్తోంది, నేను దగ్గుకుంటూ లేస్తున్నాను. నువ్వూ పిల్లదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందుగా ఒక మాట. ఈ జాబు టపాలో వేయలేదు. మనిషి చేత పంపుతున్నాను. తెచ్చిన మనిషిని చూసి నీకు ఒళ్ళు మండి ఉంటుంది. మండనీ. తలుపు మాత్రం వేసేయకు. గుమ్మం బయటే ఉండనీ. కూర్చోమనొద్దు, మంచినీళ్ళు కూడా ఇప్పుడే వద్దు. ఈ కాగితాలు చివరిదాకా చదివాక నీ ఇష్టం.

నీ జాబు అందింది. అడిగినవాటికి వరసగా చెబుతాను. దగ్గు కాస్త తగ్గింది. కాంపౌండరు ఇచ్చిన సీసా అయిపోయింది, ఇంకోటి అక్కర్లేదన్నాడు. వంటింటి మీద రేకు మార్పించాను, ఇప్పుడు కారడం లేదు. ఆ రేకు ఎక్కడిదో తరవాత చెబుతాను. ఫోనులో ‘ఊఁ, ఆఁ’ తప్ప మాట్లాడవేమని నిష్ఠూరం ఆడావు. అది చెవి దగ్గర పెట్టుకోగానే నాకున్న నాలుగు మాటలూ ఎటో పోతాయి. కాగితం మీదైతే ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటాయి. ‘మీరు జాబు రాస్తుంటే కాగితానికి కూడా కునుకు పడుతుంది’ అంటుంది మీ అమ్మ. ఈసారి ఆ మాట అనలేదు. దీపం నా దగ్గరికి జరిపి వెళ్ళిపోయింది.

పిల్లది అడిగిందిగా, మీ మేడ మీద నుంచి చూస్తే వీధి దీపాల వెలుగుకి నాలుగైదు చుక్కలే కనబడుతున్నాయి, ఉత్తర దిక్కు ఎలా తెలుస్తుందని. దానికి చెప్పు. నాలుగు చుక్కలు మంచం కోళ్ళలా ఉంటాయి, వాటి వెనక మూడు వరసగా. అది ముసలమ్మ మంచం. ఆ మూడూ మంచం ఎత్తుకుపోదామని వచ్చిన దొంగలు. దొంగలకి దూరంగా ఉన్న రెండు కోళ్ళనీ కలిపి గీత సాగదీయాలి. వాటి మధ్య ఎంత ఎడముందో దానికి అయిదింతలు పోయాక ఒంటరిగా ఒక చుక్క. పెద్దదేం కాదు, వెలుగూ అంతంతమాత్రమే. కానీ రాత్రంతా ఉన్నచోటే ఉంటుంది. మిగతావన్నీ దాని చుట్టూ తిరగాల్సిందే, దొంగలతో సహా. చలికాలం ఆ మంచం ఆలస్యంగా లేస్తుంది. అప్పటిదాకా అదే దిక్కున వంకరటింకరగా ఉన్న అయిదు చుక్కల్ని చూసి పోల్చుకోవాలి.

మా నాన్న మమ్మల్నిద్దరినీ చెరో పక్కన పడుకోబెట్టుకుని ఇదే చెప్పేవాడు. ‘మెరిసేదాన్ని పట్టుకుంటే మోసపోతార్రా. నిలబడేదాన్ని పట్టుకోండి’ అనేవాడు. నేను వినేవాణ్ణి. మీ చిన్నాన్న గురక పెట్టేవాడు. గురక పెట్టేవాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఇక నీ చివరి ప్రశ్న. ప్రతి జాబులోనూ అడుగుతావు, ప్రతిసారీ నేను దాటేస్తాను. ‘చిన్నాన్న ఆయనకి తెలిసి చెప్పాడా, తెలియక చెప్పాడా? అదొక్కటి తేలితే నేను నిద్రపోతాను నాన్నా’ అని.

తేలింది తల్లీ.

జరిగింది నీకు తెలుసు. అయినా మొదటి నుంచీ రాస్తాను, లేకపోతే నాకు వరస కుదరదు. ఉప్పు మైదానం మీద పగలు బండి తోలలేం. ఆ తెలుపు మీద ఎండ పడితే లేని షెడ్లు కనబడతాయి, ఉన్నవి కనబడవు. అందుకే రాత్రి ప్రయాణం. అక్కడ దారంటూ లేదు. ట్రాక్టరు మీద డ్రైవరు పక్కన కూర్చుని, చుక్కలు చూసి ఎటో చెప్పేవాడే దారి. ఆ పని నాది. ఉప్పు మడుల నుంచి ఊరి దగ్గరి ఉప్పు షెడ్లకి రావాలంటే తూర్పుకి రావాలి. అంటే నిలబడే చుక్కని ఎడమ భుజం మీద పెట్టుకోవాలి. దక్షిణానికి ఒరిగితే ఊబి.

ఆ రాత్రి నాకు జ్వరం. వేరే మనిషి లేక, అంతో ఇంతో చూస్తాడని నా చోట మీ చిన్నాన్న కూర్చున్నాడు. తోలేది అల్లుడు. అతను టౌనులో పెరిగినవాడు, చుక్కల సంగతి తెలియదు. సగం దారిలో ఇరుసు విరిగింది. ‘నా అవిటి కాలు సంగతి తెలుసుగా, నువ్వెళ్ళి మనుషుల్ని తీసుకురా. ఆ తెల్ల చుక్కని ముఖానికి ఎదురుగా పెట్టుకుని నడు’ అని మీ చిన్నాన్న పంపించాడు. వరసగా మూడు చుక్కల గొల్లకావడి కింద మెరుస్తుందే, ఆ పెద్ద చుక్క. చలికాలం పొద్దుగూకాక తూర్పున లేస్తుంది. లేచినప్పుడు ఇంచుమించు షెడ్ల వైపే ఉంటుంది. కానీ అది నిలబడే చుక్క కాదు. దాని వెంట నడిచేవాడు తిన్నగా నడుస్తున్నాననే అనుకుంటాడు. అది కొంచెం కొంచెంగా కుడికి లాక్కుపోతుంది. అల్లుణ్ణి ఊబి దాకా లాక్కుపోయింది.

‘నాకు తెలిసిందే చెప్పాను, అన్నకి తెలిసినంత నాకెక్కడ తెలుసు’ అని మీ చిన్నాన్న గుండెలు బాదుకున్నాడు. అందరూ అయ్యో పాపం అన్నారు. నువ్వు పిల్లదాన్ని చంకనేసుకుని ఇప్పుడున్న ఊరికి వెళ్ళిపోయావు. వాడు మాత్రం ఈ ఏడేళ్ళూ రోజూ వచ్చి మన గుమ్మంలో కూర్చుని టీ తాగాడు. ఆ గ్లాసు లాక్కుని నేలకేసి కొట్టాలని నా చెయ్యి పీకేది. కొట్టలేదు. ‘ఇంకొంచెం పోయనా’ అనేవాణ్ణి. తెలియక చెప్పాడేమో అన్న అనుమానం ఒక్కటే నన్ను కట్టేసింది.

మొన్న చలి మొదలయ్యాక ఒకటి తట్టింది. వాడి నోరు అబద్ధం ఆడుతుంది, కాళ్ళకి అబద్ధం నేర్పి ఉండడు.

వాడి కళ్ళకి ఇప్పుడు పొరలు కమ్మాయి. పెద్ద చుక్కలు ఒకటీ రెండూ కంటికి ఆనుతాయి. నిలబడే చుక్క ఆనదు. మడుల దగ్గరున్న మన పాత గుడిసె విప్పి రేకులు తెచ్చుకుందాం, సాయం రమ్మన్నాను. వచ్చాడు. ఇప్పటి ట్రాక్టర్లలో దారి చెప్పే పెట్టె పెట్టారు, దానికి ఆడగొంతు. ‘ఇంట్లో ఒకావిడ, బండిలో ఒకావిడ. ఇద్దరూ వెనక్కి తిరగమనేవాళ్ళే తాతా’ అని డ్రైవరు దారంతా నవ్వించాడు. మీ చిన్నాన్న అందరికన్నా గట్టిగా నవ్వాడు.

పొద్దుగూకేసరికి రేకులు బండికెక్కించాం. మీ చిన్నాన్న గుడిసె వెనక చెయ్యి కడుక్కుంటున్నాడు.

“నువ్వు పో. మేం నడిచొస్తాం,” అన్నాను డ్రైవరుతో.

“ఇద్దరు ముసలాళ్ళూ పందెం వేసుకున్నారా ఏంటి?”

“పందెమే.”

వాడు నవ్వుకుంటూ వెళ్ళాడు. మీ చిన్నాన్న తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు.

“బండేదన్నా?”

“పంపేశాను. చల్లగా ఉంది, నడుద్దాం.”

“నాకు చుక్కలు ఆనవు కదన్నా.”

“ఆ పెద్దది ఆనుతోందా?”

తలెత్తాడు. చాలాసేపు దించలేదు. “ఊఁ,” అన్నాడు.

“దాన్ని ముఖానికి ఎదురుగా పెట్టుకుని ముందు నడు. నేను వెనకొస్తాను.”

నడిచాడు. కాలి కింద ఉప్పు అప్పడంలా విరుగుతోంది. చుక్క పైకి పోతూ కుడికి ఒరిగింది. తెలియనివాడైతే దానితోపాటే ఒరగాలి. అల్లుడు అలాగే ఒరిగాడు. మీ చిన్నాన్న ఒరగలేదు. చుక్కని కుడి చెంప మీదికి వదిలేసి, ఆ ఈడ్చే కాలుతోనే షెడ్ల వైపు అడుగు వేశాడు. ఇంకొంత పోయాక దాన్ని కుడి భుజం మీదికి వదిలాడు. నేను నా ఎడమ భుజం మీదికి చూసుకున్నాను. నిలబడే చుక్క ఎక్కడుండాలో అక్కడే ఉంది. తాడు పట్టి గీసినట్టు నడుస్తున్నాడు, కళ్ళు కనబడనివాడు.

“చుక్క ఎదురుగా లేదేరా?” అన్నాను.

“అది జరిగిపోయే చుక్క కదన్నా. దాని వెంట పోతే...”

ఆగిపోయాడు. కాళ్ళు కూడా ఆగిపోయాయి.

“పోతే?”

కాలి బొటనవేలితో ఉప్పుని గీకాడు.

“ఎప్పటి నుంచి తెలుసురా నీకు?”

“నాన్న చెప్పినప్పటి నుంచి,” అన్నాడు. “నేను నిద్రపోయేవాణ్ణి కాదన్నా. కళ్ళు మూసుకుని వినేవాణ్ణి.”

కాళ్ళ మీద పడబోయాడు. వెనక్కి జరిగాను.

“ఇప్పుడు దాన్ని ఎదురుగా పెట్టుకో. అది ఎటు పోతే అటే నడు,” అన్నాను.

“నన్ను చంపుతావా అన్నా?”

“నేనేం చేశాను. దారి చెప్పాను, నువ్వు చెప్పినట్టే.”

నన్ను వదిలి పోలేడు. దారి తెలిసినా ఎదురుగా ఏముందో వాడికి కనబడదు. నడిచాడు. కుడికి, ఇంకా కుడికి. ఒకచోట కూలబడితే రెక్క పట్టి లేపాను. అప్పుడు నోరు విప్పాడు.

“అతను టీకొట్టు దగ్గర నా నడక చేసి చూపించాడన్నా. కాలు ఈడ్చుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మా ఇంటిది కూడా నవ్వింది. ఒక్క రాత్రి మైదానంలో తిరిగి, తెల్లారాక వెర్రిమొహం వేసుకుని వస్తే, అప్పుడు నేను నవ్వుదామనుకున్నాను. అంతే అన్నా. పోతాడనుకోలేదు.”

మీ ఆయన అందరినీ చేసి చూపించేవాడు. నన్నూ చేసేవాడు, నోట్లో మాట నములుతున్నట్టు. నువ్వు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేదానివి. నేనూ నవ్వాను, మీకు కనబడకుండా. ఆ నవ్వుకి ఖరీదు ఇదని ఎవరనుకుంటాం.

తెలవారబోయే ముందు తడి వాసన తగిలింది. అల్లుడు దొరికినచోట మనం పాతిన ఇనుప గొట్టం మసకగా కనబడింది. ఇద్దరు ముసలాళ్ళం రాత్రంతా నడిచి సరిగ్గా దాని దగ్గరికే వచ్చాం. ఆ చుక్క అంత నమ్మకంగా తెస్తుంది.

ఇంతవరకూ రాయడం తేలికే. ఇక రాసేది నీకు తప్ప ఎవరికీ చెప్పను. తెలిసి చెప్పాడని తేలితే వాణ్ణి వెనక్కి తేకూడదనే నేను తీసుకెళ్ళాను. బయల్దేరేటప్పుడే అనుకున్నాను. వాడికి మన గుమ్మంలో టీ పోస్తూ అనుకున్నాను.

వాడు ముందు, నేను గట్టిగా ఉన్న నేల మీద. మోకాళ్ళ దాకా దిగబడి, నా వైపు తిరగకుండానే అడిగాడు:

“ఇంకా నడవనా అన్నా?”

నేను నోరు మెదపకపోతే చాలు, ఇంకో నాలుగడుగులు వేసేవాడు. మాట్లాడకుండా ఉండటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. దానివల్ల జన్మలో ఒక్కసారైనా పని జరిగేది. నాకు నీ పెళ్ళినాటి అల్లుడి ముఖం గుర్తొచ్చింది. ఆ ముఖం గుర్తొస్తే నోరు ఇంకా బిగిసింది, వదల్లేదు.

అయినా చివరికి “ఆగరా” అన్నాను. దయతో కాదు తల్లీ. వాడు అక్కడే పోతే నీకు మిగిలేది నేను రాసే మాట ఒక్కటే. ఆ సంగతి వాడి నోటితోనే వినాలి నువ్వు, వాడి ముఖం చూస్తూ. నా పగ ఎంతో, నీది దానికి నాలుగింతలు. నీ వాటా కూడా నేనే తినేయకూడదనిపించింది. నా పైపంచె విసిరి బయటికి లాగాను. పొద్దు పొడిచాక, ఎండ ముదరకముందే, సూర్యుణ్ణి ఎదురుగా పెట్టుకుని షెడ్లకి చేరాం.

ఇంటికొచ్చేసరికి మీ అమ్మ గుమ్మంలో ఉంది. ఇద్దరి కాళ్ళూ చూసింది. లోపలికి వెళ్ళి ఒక్క గ్లాసు నీళ్ళు తెచ్చి నాకిచ్చింది. వాడి గ్లాసు రోజూ ఉండేచోట లేదు. మళ్ళీ నాకు కనబడలేదు.

ఈ పాటికి వాడు బయట నిలబడి కాళ్ళు మార్చుకుంటూ ఉంటాడు. నేనే బస్సెక్కించాను. బస్సు దిగగానే మీ వీధి టైలరు గుమ్మం దాకా తీసుకొచ్చి వెళ్ళిపోతాడు, ఫోను చేయించి చెప్పాను. నేను ఈ జాబు రాస్తుంటే ‘ఏం రాస్తున్నావన్నా’ అని అడిగాడు. వాడు చదవలేడు. ‘దారి’ అన్నాను. వాడు మైదానంలో నాతో అన్నదంతా నీతో చెప్పాలి. ఒక్క ముక్క తప్పించినా నీకు తెలుస్తుంది, పైన రాశానుగా. టీకొట్టు సంగతి దగ్గర తడబడతాడు. అక్కడ మళ్ళీ అడుగు.

ఆ తరవాత నీ ఇష్టం. తిట్టు, కొట్టు, ఊరుకో. క్షమిస్తానంటావా, నాకు రాయకు, నేను చదవను. పిల్లదాన్ని మాత్రం అప్పుడు మేడ మీదికి పంపు.

ఒక్క సంగతి గుర్తుంచుకో. వాడికి తిరుగు దారి తెలియదు. బస్సులు ఆగేచోటు మీ గుమ్మానికి ఎటుందో నేను చెప్పలేదు. చీకటి పడితే మీ ఊళ్ళో వాడికి ఒక్క చుక్క కూడా ఆనదు. వీధిలోకి వచ్చి నువ్వు చెయ్యి ఎటు చూపిస్తే అటే నడుస్తాడు. ఎటు చూపించావని నేను అడగను.

ఇట్లు,
నీ చెయ్యి ఎటు చూపినా నీ పక్కనే నిలబడే
మీ నాన్న