తలుపు దగ్గరగా వేశాను

2005 మార్చి, ఆదివారం రాత్రి
ధవళేశ్వరం

సాయంత్రం మా మరిది సూరిబాబు వచ్చేసరికి టీవీలో చర్చ నడుస్తోంది. అమెరికాలో ఏళ్ల తరబడి స్పృహ లేకుండా ఉన్న ఒకావిడకి ఆహారం వెళ్లే గొట్టం తీసెయ్యచ్చా, కూడదా అని. లాయరు ఒకటంటే డాక్టరు ఇంకోటన్నాడు.

"నేనైతే తీసెయ్యమంటానండి వదినా. ఆవిడకేం తెలుస్తుంది చెప్పండి?" అన్నాడు సూరిబాబు. అన్నది టీవీలో ఆవిడ గురించే. చూపు మాత్రం మా ఆయన పడుకున్న గది వైపు వెళ్లింది.

పక్షవాతమొచ్చి ఆయన మంచాన పడి ఇది రెండో ఏడు. ఆయనకీ ముక్కులో గొట్టంలోంచే జావ. కళ్లు తెరిచే ఉంటాయి గానీ ఏదీ తెలీదనే అంటారు డాక్టరుగారు. సూరిబాబు మీద నాకు కోపం రాలేదు. ఒక్కోసారి నేనూ అలాగే అనుకుంటాను.

"నిజమే బాబూ, ఎన్నాళ్లని అలా పడుంటుంది పాపం" అన్నాను. అని, లేచి వెళ్లి గది తలుపు దగ్గరగా వేసొచ్చాను.

అతను వెళ్లాక జావ పోస్తూ రోజూలాగే ఆయనకి కబుర్లు చెప్పాను. ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసిన మనిషి కదా, వచ్చే నెల నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారటండీ అని చెప్పాను. గాలికి మామిడి పిందెలు రాలాయని చెప్పాను. తమ్ముడు వచ్చి ఇంతసేపు ఏం మాట్లాడాడో కూడా చెప్పాలిగా. పొలం సంగతులేనండి, అన్నాను.

ఏమీ తెలియని మనిషికి అబద్ధం చెప్పాల్సిన అవసరం నాకేమొచ్చింది?