సైకిలెక్కని అల్లుడు

మామగారికి నమస్కారాలు.

మీ షాపులో మీ చేత్తో బిగించి ఇచ్చిన సైకిలు భేషుగ్గా ఉంది. కానీ ఈమధ్య బేకరీ రొట్టెల బుట్ట దానిమీద పెట్టి, నేను పక్కన నడుస్తున్నాను. ఎక్కడం లేదు. కారణం పెద్దవాళ్ళకు రాసేది కాదు. మీరే అర్థం చేసుకోవాలి.

మీ అల్లుడు

తా.క. ఈ ఉత్తరం అత్తయ్యగారికి చూపించకండి.

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

అర్థమైంది. వయసొచ్చాక సైకిలు నేర్చుకోవడంలో తప్పు లేదు. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి బిగించే చిన్న చక్రాలు పంపుతున్నాను. ఇక పడరు.

ఇట్లు, మామ

తా.క. పడేటట్టుంటే ముందే బెల్లు కొట్టండి. జనం తప్పుకుంటారు.

*

మామగారూ, నమస్కారం.

నాకు సైకిలు తొక్కడం వచ్చండీ! చేతులొదిలేసి తొక్కేవాణ్ణి. సంగతి అది కాదు. సీటుమీద కూర్చుంటే నొప్పి. దిగాక కూడా ఎడమవైపు బరువుగా లాగుతుంది. బేకరీలో ఒకడు, "ఇంకేం, నీకు పిల్లలు పుట్టినట్టే!" అన్నాడు. అప్పట్నుంచి ముద్ద దిగడం లేదు. మీ అమ్మాయికి చెప్పడానికి నోరు రావడం లేదు. పిల్లల సంగతి ఏమవుతుందోనని ఒకటే దిగులు.

మీ అల్లుడు

తా.క. పార్సిలు వీధిలోనే విప్పాను. పక్కింటి పాప చూసి, "నావి తీసేశారు, నీకింకా తియ్యలేదా?" అంది.

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

పిల్లల గురించి దిగులు వద్దు. ముందు కడ్డీకి బిగించే పిల్లల సీటు పంపుతున్నాను. మెత్తనిది. పార్సిలు అమ్మాయి పేరుమీద వస్తుంది.

ఇట్లు, మామ

తా.క. ఇద్దరైతే రాయండి. వెనక ఇంకోటి పడుతుంది.

*

మామగారూ, ఎంత పని చేశారండీ!

పార్సిలు విప్పి మీ అమ్మాయి, "ఇదెవరికి?" అంది. నాకు ఏడుపొచ్చేసింది. అంతా చెప్పేశాను. "ఇన్నాళ్ళూ మింగుకుని కూర్చున్నావా, బుద్ధుందా?" అని తిట్టి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఇక దాపరికమెందుకు, ఎడమ వృషణం దగ్గర సిర ఉబ్బిందట. కుర్రాళ్ళలో చాలామందికి ఉంటుందట. పరీక్షలు చేశారు. నా వరకు పిల్లలకు ఢోకా లేదన్నారు. పట్టి ఉంచే లోదుస్తులు వేసుకోమన్నారు, సీటు మార్చమన్నారు, నొప్పి ఎక్కువైతే వెంటనే రమ్మన్నారు. రాత్రి రెండోసారి వడ్డించమని అడిగాను.

మీ అల్లుడు

తా.క. డాక్టరు ఆడమనిషి. "సిగ్గుపడితే నొప్పి తగ్గుతుందా బాబూ?" అంది. ఇప్పుడు నా దగ్గర సిగ్గు మిగల్లేదు.

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

చాలా సంతోషం. ఒక మాట చెప్పాలి. రాయగలను గానీ, చదవడానికి నాకు చూపు ఆనదు. మొదటినుంచీ మీ ఉత్తరాలు మీ అత్తయ్యే చదివి వినిపిస్తోంది. "అత్తయ్యగారికి చూపించకండి" అన్నది కూడా తనే చదివింది. ఆరోజే, "అబ్బాయికి అక్కడేదో నొప్పి. డాక్టరు దగ్గరికి వెళ్ళమని రాయండి" అంది. నాకు చెయ్యి రాలేదు. చక్రాలు పంపాను.

అమ్మాయికి ఇంకా చెప్పలేదని మీ రెండో ఉత్తరంలో చదివి తనకు ఒళ్ళు మండింది. పిల్లల సీటు తనే అమ్మాయి పేర కట్టించింది. "అది చూసి అమ్మాయి అడుగుతుంది. అబ్బాయి చెప్పక చస్తాడా" అంది.

ఇట్లు, మామ

తా.క. వెడల్పు సీటు పంపుతున్నాను. పాతది. అమ్మాయి పుట్టకముందు నేను వాడింది. అప్పట్లో నాకూ అదే నొప్పి. ఈ సంగతి మీ అత్తయ్యకు తెలియదు.

మళ్ళీ తా.క. కవరు అంటించేముందు తను ఇదీ చదివింది. తెలుసట. మా షాపు మేస్త్రీతో చెప్పి అప్పుడు ఆ సీటు వేయించింది తనేనట.