బౌదీ కాదు, బౌద్ధం

లిలువా,
డిసెంబరు 9, 2001

ప్రియమైన అమ్మకు,

లోయిస్ వందనాలు. ప్రభువు కాపుదల వల్ల ఇక్కడ అందరం క్షేమం. అన్నయ్య విషయంలో ఆ మాట సగమే నిజం, మిగతా సగం కింద రాస్తాను. అమ్మమ్మ గోడ పట్టుకుని నడుస్తోందని రాశావు, సంతోషం. తుంటి ఎముక బాగా అతుక్కునేదాకా టెక్కలి వదిలి రావద్దని నాన్న చెప్పమన్నారు. నాన్న దగ్గు తగ్గింది. కుంపటి వరండాలోకి మార్చాను. నా పరీక్షలు జనవరిలో.

ఇక నీ ప్రశ్న. పక్క క్వార్టరు దాలమ్మత్త రాయించిన ఉత్తరం చూసి, కృపాకర్ అన్నయ్య చేసుకోబోయే బెంగాలీ పిల్ల ఎవరని అడిగావు. అలాంటి పిల్ల లేదు. ఎప్పుడూ లేదు.

మా హిస్టరీ మేడం 'నేటి వార్తల్లో బౌద్ధం' మీద సొంత ఆలోచనలు రాయమన్నారు. పేపరు ముక్కలు కత్తిరించి బల్ల మీద పరిచాను. మార్చిలో బామియాన్‌లో రాతి బుద్ధుల్ని పేల్చేసినప్పుడు మా క్లాసులో అందరూ బాధపడ్డారు, ఇద్దరు ఏడ్చారు కూడా. పోయిన నెల ఢిల్లీలో వేలమంది బతికున్న మనుషులు, దళితులు, బుద్ధుణ్ణి ఆశ్రయిస్తే, అదే క్లాసు 'అంతా రాజకీయం' అని తేల్చేసింది. అదే రాశాను. మేడం దాని కింద ఎర్రగీత గీసి 'ఆవేశం తగ్గించు' అన్నారు. హాజరు పలకడానికే గొంతు పెగలని నన్ను.

మేడం సంగతి పోనీ. ఫుట్‌బాల్ పేజీ తప్ప చూడని అన్నయ్య ఆ ఢిల్లీ ముక్క చదివాడు. మన కులం వాళ్ళు బౌద్ధులైతే ఎస్సీ సర్టిఫికెట్ ఉంటుంది, క్రైస్తవులైతే ఉండదు. అది ఉంటే రైల్వే ఉద్యోగానికి వయసు సడలింపు దొరుకుతుంది. లేకపోతే ఫిబ్రవరితో అన్నయ్యకి వయసు దాటి దారి మూసుకుపోతుంది, జన్మంతా కంట్రాక్టరు కింద వెల్డింగే.

"నానెక్కడ కూకుంటే ఏటే, కులం నాతోనే ఒస్తంది గదా" అన్నాడు.

తాతయ్య బాప్తిస్మం పుచ్చుకున్నాక టెక్కలిలో ఎవరైనా మన చేతి నీళ్ళు తాగారా అని కూడా అడిగాడు.  ఇలాంటి నియమం రాసిన వాళ్ళ మీదా, సరే అని దానికి తలవంచుతున్న అన్నయ్య మీదా నాకు విసుగు వచ్చింది.

మా వాదన విని కుళాయి దగ్గర దాలమ్మత్త నన్ను పట్టుకుంది. గొడవేమిటని అడిగితే, అన్నయ్య బౌద్ధం అంటున్నాడని గొణిగాను. నా గొణుగుడు నీకు తెలుసు. ఇన్నేళ్ళు బెంగాలీల మధ్య బతికిన మనిషి, వాళ్ళు వదినని పిలిచే మాటే ఆవిడకి వినపడింది.

"బౌదీయా? ఎవులింటి పిల్లే? మరింక మీకు రోజూ ఆవనూనె కూరలే."

బిందె ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. జవాబు చెప్పకపోవడమే అవుననడం అనుకుంది. ఆదివారానికి చర్చి అంతా తెలిసిపోయింది. నాన్న సంఘ పెద్ద కదా, పాస్టరుగారు పక్కకు పిలిచి పిల్ల బాప్తిస్మం తీసుకుంటుందా అని అడిగారు. ఆ రోజు నుంచి నాన్న అన్నయ్యతో మాట్లాడటం లేదు. నేను నిజం చెప్పబోతే అన్నయ్య ఆపాడు. బెంగాలీ కోడలితో నాన్న ఎప్పటికైనా సర్దుకుంటారట, బుద్ధుడితో సర్దుకోరట. యూనిస్ పిన్ని అప్పుడే ఆ పిల్లకి జాకెట్టు గుడ్డ కూడా కొంది. వీళ్ళతో నేను వేగలేను.

ఇప్పటిదాకా రాయనిది ఒకటుంది. వద్దని వారమంతా పోట్లాడినదాన్నే, నిన్న అన్నయ్యని ఒక్కణ్ణీ పంపలేక బౌబజారు దగ్గర బౌద్ధ విహారానికి వెంట వెళ్ళాను. చిట్టగాంగు నుంచి వచ్చిన ముసలి భిక్షువు ఒకాయన మమ్మల్ని చాప మీద కూర్చోమన్నారు. అన్నయ్య బౌద్ధుడవుతానంటే ఎందుకని అడగలేదు. ఐదు శీలాల్లో ఒక్కో వాక్యం పాళీలో పలికి, బెంగాలీలో అర్థం చెప్పి, అన్నయ్యని తిరిగి పలకమన్నారు. ప్రాణం తీయను. దొంగిలించను. పరస్త్రీని ఆశించను. తడబడకుండా పలికాడు. నాలుగోది, అబద్ధమాడను.

అన్నయ్య ఆగిపోయాడు. భిక్షువు మళ్ళీ చెప్పారు. అన్నయ్య నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

అమ్మా, నేను మోచేత్తో పొడిచాను.

"చెప్పేయ్ అన్నయ్యా. ఒక్క ముక్కే కదా."

గొణగలేదు. అంత స్పష్టంగా నేనెప్పుడూ మాట్లాడి ఉండను. తెలుగు రాని ఆ భిక్షువు కూడా నా వైపు తిరిగి చూశారు.

అన్నయ్య ఆయనకి చేతులు జోడించి లేచేశాడు. బయట చెప్పులు తొడుక్కుంటూ, "నోటికి ఒచ్చేత్తాదనుకున్నానే. రానేదు" అన్నాడు. బస్సులో హావ్‌డా చేరి దిగాక అడిగాడు.

"అమ్ముంటే అలాగ పొడిసీదానివేటి?"

పొడిచేదాన్ని కాదు. కానీ ఆ ఉద్యోగం అన్నయ్యకి రావాలని నాకుంది, ఇప్పటికీ ఉంది. ఆ ముక్క అనేసి ఉంటే బాగుండేదని ఇది రాస్తూ కూడా అనుకుంటున్నాను. అనలేకపోయినందుకు అన్నయ్యని గౌరవించాలని తెలుసు. గౌరవం కన్నా విసుగే ముందు వస్తోంది.

కోడలూ లేదు, బుద్ధుడూ లేడని నాన్నకి రేపు నేనే చెబుతాను. నువ్వు మాత్రం నన్ను ఓదార్చాలని చూడకుండా నిజం రాయి. ఆ చాప మీద నా చోట నువ్వు కూర్చుని ఉంటే, ఫిబ్రవరి గుర్తున్న తల్లిగా, ఏం చేసేదానివి?

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూసే చిన్న కూతురు,
లోయిస్