గోడ మీద నీ మాట

అక్కా,

నువ్వు నన్ను చూడలేదు. నువ్వు పోయిన రెండేళ్లకు మీ ఆయన నన్ను చేసుకున్నాడు.

మొన్న ఎనుమాముల మార్కెట్ గోడ మీద ఆయన కుంచె పట్టి నీ బొమ్మ వేశాడు. చేతిలో చాయ్ కెటిల్, పక్కనే నువ్వు రోజూ చాయ్ పోస్తూ హమాలీలను అదిలించే మాట: "ఏ హౌలే, సల్లారుతాంది, జల్దీ తాగి కతం చెయ్!"

బీహార్ హమాలీలకు తెలుగు చదవడం రాదు. మనవాళ్లు చదివి వినిపిస్తే పడీపడీ నవ్వారు. మార్వాడీ సేటు కూడా నవ్వాడు. ఒక ముసలి బీహారీ మాత్రం కళ్లు తుడుచుకున్నాడు. తిట్టు కోసం ఏడ్చే మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఆయనకు సద్ది పట్టుకుని నేను దగ్గరికి వెళ్లగానే అందరూ నవ్వు ఆపి పక్కకు జరిగారు. ఇంట్లో ఆయనా అంతే. "తిన్నవా" అంటాడు, "పైలం" అని జాగ్రత్త చెబుతాడు తప్ప, పిచ్చిదానా అన్నట్టు నన్ను ఒక్కసారీ హౌలీ అనలేదు. మర్యాద నాకు, చనువు నీకు.

"భాభీ, తుమ్ భీ ఏక్ మాట బోలో, రాస్తడు" అన్నాడు ఆ ముసలాయన, నన్నూ ఒక మాట చెప్పమని.

అందరూ నా వైపే చూశారు. "నాకు రావు" అన్నాను తల వంచుకుని.

"రాకుంటే ఏందే? నిమ్మళంగ సోంచాయించు. మాట దొరికేదాక జాగ ఉంచుత" అన్నాడు మీ ఆయన, కుంచె పక్కన పెట్టి.

నీ పక్కన జానెడు గోడ తెల్లగా ఉంచాడు. అప్పటి నుంచి పొయ్యి ముందు ఒక్కదాన్నే మాటలు వెతుక్కుంటున్నాను. ఏది అనుకున్నా నీ గొంతులోనే వినిపిస్తోంది. అయినా అక్కా, ఆ జాగ మాత్రం నీకు వదలను.